కంపుతోటలో శవం

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పరంధామరావు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. అక్కడ వాసన ఏమీ లేదు.

డిటెక్టివ్ భిక్షం ఆ రుమాలును చూశాడు, దాని పైనున్న కళ్లను చూశాడు.

"చూడవయ్యా, బాగా చూడు," అన్నాడు పరంధామరావు. "హన్మకొండ నుంచి బస్సెక్కి మరీ వచ్చావు. రెండొందల మంది ఆడపిల్లల స్నానాల నీళ్లు, మరుగుదొడ్ల నీళ్లు గడ్డిలోంచి పారిస్తే శుభ్రమైపోతాయట! ఊళ్లో దీన్ని ఏమంటారో తెలుసా?"

"కంపుతోట."

"తెలుసన్నమాట."

"బస్టాండుల దిగంగనే తెలిసింది. రిక్షా ఆయన దారి చెప్పుడు మరిచిపోయి నవ్విండు. మూడు రోజుల సంది మీరు ఈ జాగకు వస్తనే ఉన్నరు గద సార్. ఆ రుమాలు ఒక్కసారన్న తీసిన్రా?"

"దేనికి?"

"వాసన చూసేతందుకు."

పరంధామరావు రుమాలు తీయకుండానే నవ్వాడు. "భిక్షం! డిటెక్టివు పేరు భిక్షమట. మా వైపు ఈ పేరు పెట్టుకున్నవాడు కథల్లో కూడా కనపడడు."

"నాకు ముందు పుట్టిన ముగ్గురు దక్కలే సార్. నన్ను భిక్షమెత్తి దక్కించుకున్నది మా అవ్వ. పేరు పని చేసింది, నేను బతికిన. ఇగ మన పని చూద్దామా?"

అది పందొమ్మిది వందల ఎనభై మూడు, ఏప్రిల్ నెల. మానుకోట పొలిమేరలో ఒక ధర్మసంస్థ నడిపే బాలికల హాస్టల్ వెనకభాగం. గురువారం తెల్లవారుతుండగా ఆ హాస్టల్ ఓవర్సీరు సోమేశ్వర్ ఇక్కడి చివరి గుంటలో శవమై కనిపించాడు. గట్టు మీద అతని చెప్పులు పక్కపక్కన ఉన్నాయి. తోటలో జమ్ము కోసే వాల్యా అనే తండా మనిషిని అదే ఉదయం పోలీసులు పట్టుకుపోయారు. ముందురోజు వాళ్లిద్దరూ గట్టిగా మాట్లాడుకోవడం వంటమనిషి విన్నది. పరంధామరావుకు ఆ మాత్రం చాలింది. ఇద్దరూ సారా తాగారు, కొట్టుకున్నారు, వాల్యా అతన్ని నీళ్లలో తొక్కిపట్టాడు. కేసు ఇంకా కాగితం మీదికి ఎక్కలేదు. సోమవారం ఎక్కుతుంది. ఆ తర్వాత వాల్యాను వరంగల్ జైలుకు పంపుతారు. ఈ రోజు శనివారం. వాల్యా భార్య నీలి గురువారం నుంచి ఠాణా మెట్ల కిందే కూర్చుంది; పొద్దున భిక్షం ఆమెను అక్కడే పలకరించి వచ్చాడు.

భిక్షాన్ని పిలిపించింది హాస్టల్ వార్డెన్ సరస్వతి. యాభై ఏళ్ల మనిషి. ఆమె వాళ్ల వెనకే వచ్చి, కొంచెం ఎడంగా నిలబడింది.

"అమ్మా, మొదటికెల్లి చెప్పున్రి," అన్నాడు భిక్షం. "నాకు ఏం తెల్వదనుకొని చెప్పున్రి."

ఆమె చేత్తో చూపించింది. పైనుంచి హాస్టల్ మీదుగా వచ్చే కాలువ ముందు ఒక తొట్టిలో పడుతుంది. మడ్డి అందులో అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు మొదటి మడిలోకి పోతాయి. మడి అంటే బురద మడి కాదు. మనిషి తొడ లోతు కంకర, దాని మీద ఇసుక, అందులో దట్టంగా చెరువు జమ్ము. నీళ్లు కంకర కిందినుంచే, జమ్ము వేర్ల మధ్యనుంచి మెల్లగా పోతాయి. పైకి చుక్క కనపడదు. అందుకే ఈగలు లేవు, దోమలు లేవు. మొదటి మడి నుంచి రెండో మడికి, అక్కడి నుంచి గుంటలోకి, గుంటలోంచి కూరగాయల తోటకు.

"కరెంటు లేదు, మోటరు లేదు," అన్నది సరస్వతి. "పట్నపు కంపెనీ వాళ్లు సిమెంటు ట్యాంకులు, మోటర్లు అని చెప్పిన ధర వింటే మా సంస్థోళ్లు హాస్టలే మూసేద్దామన్నరు. సోమేశ్వర్ గారు కంకర కొట్టించిన్రు, జమ్ము మన చెరువుల కెల్లి తెప్పించిన్రు. కరెంటు పోయినా వేర్లు పనిచేస్తయి అంటరు ఆయన. సాయంత్రం టీ ఆ గుంట గట్టు మీదనే తాగుతరు."

తాగుతారు అనే అన్నది. ఎవరూ దిద్దలేదు.

"టీ!" అన్నాడు పరంధామరావు. "మరుగుదొడ్డి నీళ్ల పక్కన టీ!"

భిక్షం మొదటి మడి చుట్టూ నడిచాడు. జమ్ము తల ఎత్తున నిలబడి ఉంది. తొట్టి నీళ్లు వచ్చి కలిసే చోట మాత్రం గోడ వెంట ఒక పట్టీ మేర కాలిపోయినట్టు గోధుమరంగుకు తిరిగింది. అతను ఒక దుబ్బు పట్టి లాగాడు. వేరుతో సహా ఊడి వచ్చింది. వేరు మెత్తగా ఉడికిన కాడలా ఉంది.

"ఇది ఎప్పటి సంది?"

"నెల అయితుంది. కాలువల వేడినీళ్లు ఎవరో ఇడుస్తున్నరని ఆయనకు అనుమానం. కాలువ సాఫ్ చేయమని వాల్యాకు చెప్పిన్రు. బుధవారం పొద్దున వాళ్లు గట్టిగా మాట్లాడింది దాని గురించే. పైన ఎక్కడనో పైపు ఉన్నదని వాల్యా చెప్తుండె. అన్నం తిన్నంక చూసొస్త అని సోమేశ్వర్ గారు బయటికి పోయిన్రు. మళ్ల రాలే."

భిక్షం వెనక్కి తిరిగాడు. "ఈ మాట మీకు చెప్పలేదా సార్?"

"చెప్పింది. వేడినీళ్లు, పైపులు, గడ్డి వేళ్లు! నేను హత్య కేసు చూస్తున్నానయ్యా, కూరగాయల సాగు కాదు."

భిక్షం గుంట గట్టు మీదికి వచ్చాడు. పదిమంది పడుకుంటే నిండే గుంట. నడుము లోతు నీళ్లు.

"శవం తేలిందా సార్, మునిగి ఉండెనా?"

"మునిగే ఉంది. అడుగున బోర్లా పడి ఉంది. పాలు తెచ్చేవాడు గట్టు మీదినుంచి చూసి అరిచాడు."

"గట్టు మీదికెల్లి చూసిండు. నడుము లోతు అడుగున ఉన్న మనిషిని."

"అవును."

"నీళ్లు మురికియైతే ఎట్ల కనపడ్డది?"

పరంధామరావు ఏదో అనబోయి గుంటలోకి చూశాడు. అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తున్నాయి.

భిక్షం చెయ్యి చాపి అతని ముక్కు మీది రుమాలును మర్యాదగా తీసుకున్నాడు. దాన్ని గుంటలో ముంచి, పిండి, తిరిగి ఇచ్చాడు. "వాసన చూడున్రి. మూడు రోజుల ఆలస్యమైంది గాని ఫరవాలేదు."

"నీకు మతి పోయిందా?"

"మీ సిపాయిల ముందర ఒక హాస్టలు నీళ్లకు భయపడుతున్నరా?"

గేటు దగ్గరున్న ఇద్దరు కానిస్టేబుళ్లు ఇటే చూస్తున్నారు. పరంధామరావు తడి రుమాలును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"వాసన లేదు," అన్నాడు ముభావంగా.

"శవానికి ఉండెనా?"

"గుప్పున కొట్టింది. పుల్లటి కంపు. బట్టల మూట ఠాణా గదిలో పెడితే రైటరు బయట కూర్చుని రాసుకుంటున్నాడు. మురుగు గుంటలో పడ్డ శవం కంపు కొట్టక..." అని ఆగిపోయాడు.

"అదీ సంగతి," అన్నాడు భిక్షం. "చంపినోడు సుత మీ లెక్కనే ఆలోచించిండు. కంపునీళ్లల్ల సచ్చిన మనిషిని తెచ్చి కంపుతోటల పడేస్తే ఎవ్వనికీ అనుమానం రాదనుకున్నడు. ఊరంత దీన్ని తిట్టింది గాని, దగ్గరికొచ్చి చూసినోడు ఒక్కడు లేడు. చూసి ఉంటే వేరే జాగ వెతుక్కుంటుండె. డాక్టరు ఏమన్నడు?"

"నీళ్లు మింగి చచ్చాడన్నాడు."

"ఏం నీళ్లు?"

"అది నేను అడగలేదు."

"అడగరు సార్. కేసు మొదటి రోజే అయిపోయింది గద మీకు."

సరస్వతి నెమ్మదిగా అన్నది. "నేను తల దగ్గర కూచున్న. ఆయన తమ్ముడు స్నానం చేయించినంక సుత జుట్టుల వాసన పోలే. నానిన వడ్ల వాసన. పిల్లలు ఒక్కొక్కరే కాళ్లకు మొక్కి పోతుంటే అరికాళ్లు చూసిన. రెండింటికి బొబ్బలు ఉండె."

"నీళ్లలో నానితే చర్మం ఉబ్బుతుందమ్మా," అన్నాడు పరంధామరావు.

"చేతులకు లేవు," అన్నది ఆమె.

భిక్షం ఆమె వైపు తిరిగి తల వంచాడు. "చెప్పులున్న మనిషి, అమ్మా. ఆ చెప్పులు గట్టు మీద దొరికినయి. బొబ్బలు మాత్రం అరికాళ్లకు. బతికుండంగ, నడి ఎండల, చెప్పులు ఇడిచి కాలే జాగ మీద నడిచిండు. మన దిక్కు ఎంత ఎండల అయినా చెప్పులు ఇడవాల్సిన జాగ ఏంది?"

"గుడి," అన్నాడు పరంధామరావు.

"గుడిల నానిన వడ్ల కంపు రాదు సార్. జీపు తీయున్రి. ఈ కాలువకు పైన ఉప్పుడు బియ్యం మిల్లు ఒకటి ఉన్నది గద?"

"లక్ష్మీనర్సయ్య సేటుదా?" పరంధామరావు ముఖం మారింది. "ఆయన జోలికి పోకు. ఊళ్లో పెద్ద మనిషి. నిన్న కూడా ఠాణాకు వచ్చి ఎంత బాధపడ్డాడో తెలుసా?"

"బాధపడి ఉంటడు. పోయి ఓదారుద్దాం."

*

లక్ష్మీనర్సయ్య మిల్లు వరండాలో తెల్లటి పరుపు మీద కూర్చుని ఉన్నాడు. ముందు సిమెంటు కళ్లం పరుచుకుని ఉంది. దాని మీద ఉడికించిన వడ్లు ఆరబోసి ఉన్నాయి. నలుగురు ఆడవాళ్లు వట్టి కాళ్లతో వడ్లు తిరగేస్తున్నారు. కళ్లానికి అవతల వడ్లు నానబెట్టే సిమెంటు తొట్లు వరసగా ఉన్నాయి.

"సర్కిల్ సాబ్! రాన్రి రాన్రి," అంటూ సేటు లేచాడు. భిక్షాన్ని చూసి మళ్లీ కూర్చున్నాడు. "ఈనెవరు?"

"డిటెక్టివట," అన్నాడు పరంధామరావు, ఆ మాటను చెత్తబుట్టలో వేస్తున్నట్టు.

"ఒక్క మాట సేట్," అన్నాడు భిక్షం. "ఓవర్సీరు సోమేశ్వర్ బుధవారం నాడు మీ మిల్లుకు వచ్చిండా?"

"ఎవడు, ఆ గడ్డి పెంచేటాయననా?" లక్ష్మీనర్సయ్య వక్కపొడి నోట్లో వేసుకున్నాడు. "బుధవారం ఏంది, ఎన్నడు రాలే. రానియ్య కూడ. పొద్దంత మురికి కాలువలల్ల తిరిగేటోన్ని ధాన్యం ఉన్న జాగల అడుగు పెట్టనిస్తనా? ఆని మొఖం నేను సరిగ్గ చూసింది సుత లేదు. పాపం, పోయిండు. మంచిది గాదు అట్ల పోవుడు."

"ఎన్నడు రాలే."

"చెప్తి గద."

"సరే." భిక్షం లేచాడు. తొట్ల వైపు చూశాడు. వరండా మెట్లు దిగి, చెప్పులతోనే, ఆరబోసిన వడ్ల మధ్యనుంచి తిన్నగా నడవడం మొదలుపెట్టాడు.

తిరగేస్తున్న ఆడవాళ్లు నిలబడిపోయారు. ఒకామె నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏయ్!" లక్ష్మీనర్సయ్య గావుకేక పెట్టాడు. పరుపు మీదినుంచి దూకినట్టు లేచాడు. "చెప్పులు ఇడువు! నీకు సిగ్గున్నదా? అన్నం అది, అన్నం! లక్ష్మిని తొక్కుతవా? మొన్న ఆ ఓవర్సీరుకు చెప్పిన, ఇప్పుడు నీకు సుత చెప్పాల్నా?"

కళ్లం ఆ చివర బాయిలరు బుసకొడుతోంది.

భిక్షం అక్కడే ఆగాడు. వంగి రెండు చెప్పులూ విడిచి చేతిలో పట్టుకున్నాడు. నాలుగు గింజలు తీసి కళ్లకద్దుకున్నాడు. ఆ పని మాత్రం అతను వేళాకోళంగా చేయలేదు. వట్టికాళ్లతో వెనక్కి నడిచి వచ్చాడు. అతని పళ్లు బిగుసుకుని ఉన్నాయి. నీడలోకి వచ్చాక ఒక కాలు ఎత్తి మరో కాలి మీద పెట్టుకున్నాడు.

"తప్పైంది సేట్. అన్నాన్ని తొక్కద్దని మా అవ్వ సుత నేర్పింది. ఓవర్సీరుకు ఎన్నడు చెప్పిన్రు?"

లక్ష్మీనర్సయ్య వక్కపొడి మింగాడు. "నిరుడు. ఆ, నిరుడు ఒకసారి వచ్చిండు. యాదికి లేకుండె."

"ఇప్పుడే మొన్న అన్నరు."

"మాట వరసకు అంటం. మొన్న అంటే మొన్ననేనా?"

"నిరుడైతే ఈ కళ్లం మీదనే చెప్పిన్రా?"

"మరెక్కడ? ఇక్కడనే."

పరంధామరావు అంతసేపూ మెట్టు మీద నిలబడే ఉన్నాడు. అతను ఇప్పుడు కిందికి చూస్తున్నాడు. మెట్టు పక్కన, సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు మేస్త్రీ తాపీ మొనతో గీసిన గీతలు ఉన్నాయి. ఓ చేప బొమ్మ, దాని కింద తేదీ. పోయిన ఫిబ్రవరి.

"సేటుగారూ," అన్నాడు మెల్లగా, "ఈ కళ్లం వేయించి రెండు నెలలే అయిందండీ."

పరంధామరావు వంగి అరచేతిని సిమెంటు మీద ఆనించాడు. వెంటనే తీసేసి, చేతిని ప్యాంటుకు రుద్దుకున్నాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే కళ్లం అంచు వెంట తొట్ల దగ్గరికి నడిచాడు. నానబోసిన నీళ్లు పచ్చగా, నురగతో ఉన్నాయి. అతను తొట్టి మీదికి వంగాడు. రుమాలు ఈసారి జేబులోనే ఉంది.

తిరిగి వచ్చేటప్పటికి అతని ముఖం పాలిపోయింది. "మూడు రోజులుగా మా గదిలో ఉన్న వాసన ఇదే," అన్నాడు. "తొట్ల వెనక కొత్త పైపు ఒకటుంది. కాలువలోకి."

"ఉన్నది!" లక్ష్మీనర్సయ్య గొంతు పెంచాడు. "ఉంటే ఏందట? ఊళ్లె ఎవ్వని కాలువల ఎవ్వని నీళ్లు పోతలేవు? ఆడు వచ్చి ఏమంటడు? పైపు తీయుమంటడు. నీళ్లు చల్లార్చి, నా జాగల నేనే కంకర పోసి, జమ్ము పెంచి, నా నీళ్లు నేనే కడుక్కోమంటడు. మంచిగ చెప్తున్న సేట్, ఖర్చు తక్కువ, నేనొచ్చి చేసిపెడ్త అంటడు. నాకు! మూడు తరాల సంది వ్యాపారం చేస్తున్నోనికి గడ్డి పెంచుడు నేర్పుతడట! హమాలీల ముంగట!"

"గంతేనా?" అన్నాడు భిక్షం.

"ఏంది గంతేనా?"

"కారణం ఇంకింత పెద్దగ ఉంటదనుకున్న. ఒక మనిషి ఊరికె సాయం చేస్త అని వచ్చిండు, మీకు చిన్నతనమైంది. గంతే. అన్నం మీద చెప్పు పడితే ఓర్వలేరు. అన్నం తినే మనిషిని ఆ తొట్టిల వంచి పట్టేటప్పుడు లక్ష్మి యాదికి రాలేదు."

"నేను పట్టిన్నా? చూసినోడు ఎవడు?" లక్ష్మీనర్సయ్య తిరిగి పరుపు మీద కూర్చున్నాడు. అతనిలో కోపం ఒక్కసారిగా దిగిపోయింది. అది దిగిపోయిన తీరు భిక్షానికి నచ్చలేదు. "కాలి బొబ్బలు, వాసనలు! కోర్టుల వాసన చూపిస్తవా? నేను పట్టంగ చూసినోన్ని ఒక్కన్ని తేపో."

"తొట్టి దగ్గర ఎవలు చూసిన్రో నాకు తెల్వదు. పైపు చూసినోడు ఒకడున్నడు. కాలువ సాఫ్ చేసినోడు. ఓవర్సీరు ఎక్కడికి పోయిండో తెలిసినోడు. వాల్యా. లాకప్పుల క్షేమంగ ఉన్నడు."

సేటు నవ్వాడు. పరంధామరావు చటుక్కున చూపు తిప్పుకున్నాడు.

భిక్షం ఆ రెండూ చూశాడు. "సార్. వాల్యా ఎక్కడున్నడు?"

"అది... నిన్న రాత్రి సేటుగారు వచ్చి అడిగారు." పరంధామరావు గొంతులో వెటకారం లేదు. "వాల్యా ఇదివరకు ఆయన దగ్గర హమాలీ చేశాడట. తను నచ్చజెబితే నేరం ఒప్పుకుంటాడన్నారు. కేసు ఇంకా రాయలేదు కదా. ఆయన పూచీ మీద ఇవాళ పొద్దున వదిలిపెట్టమని చెప్పి వచ్చాను. సోమవారం ఆయనే తెచ్చి అప్పగిస్తానన్నారు."

"పొద్దటి సంది నా ఎంబడి తిరిగిన్రు. ఒక్క ముక్క చెప్పలే."

"నీకెందుకు చెప్పాలనుకున్నాను."

భిక్షం నోరు తెరిచేలోగా గేటు దగ్గర అలికిడి అయింది. అద్దాల రవిక, ఎర్రటి పేటియా లంగా వేసుకున్న ఒక ఆడమనిషి పరుగెత్తుకుంటూ వస్తోంది. నీలి. మూడు రోజుల దుమ్ము ఆమె జుట్టులో అలాగే ఉంది. కళ్లం అంచున ఠక్కున ఆగి, వడ్లకు దూరంగా చుట్టు తిరిగి, వరండా ముందుకు వచ్చింది. భిక్షాన్ని చూసి ఆమె ముఖం విప్పారింది.

"సారూ! నువ్వు ఈడున్నవా! హాస్టలు కాడికి పోయిన, లేవన్నరు. ఇడిసిపెట్టిన్రు సారూ, మా ఆయన్ని ఇడిసిపెట్టిన్రు!" ఆమె ఒగరుస్తూ సేటు ముందు మోకాళ్ల మీద కూలబడి అతని పాదాలకు తల ఆనించింది. "సేటు బాపు జమానత్ నిలవడ్డడు. నీ బిడ్డలు సల్లగుండ బాపూ. మావోళ్లు ఎవ్వలు రాలే. నువ్వొచ్చినవు."

లక్ష్మీనర్సయ్య పాదాలు వెనక్కి తీసుకోలేదు.

"ఇంటికి పోయిండా అక్కా?" భిక్షం గొంతును మామూలుగా ఉంచాడు.

"ఇంటికి యాడ? కొన్నొద్దులు ఊళ్లె ఉంటే మంచిది గాదట. సేటు లారీల కొత్తగూడ దిక్కు పంపిన్రు. గంగారం అవతల అడివిల పని ఉందట. పని అయిపోంగనే తోలిస్తమన్నరు."

పరంధామరావు అప్పటికే జీపు వైపు కదిలాడు. భిక్షానికి అంతా ఒక్క వరసలో కనిపించింది. సోమవారం వాల్యా రాడు. పూచీ ఉన్న పెద్ద మనిషి తలకొట్టుకుంటాడు, నమ్మి మోసపోయానంటాడు. పారిపోయినవాడే చంపాడని ఊరంతా అంటుంది. అడవిలోకి పోయిన తండా మనిషి కోసం ఎవరు వెతుకుతారు?

"లారీల ఇంకెవలున్నరు?"

"ఇద్దరు హమాలీలు. పారలు, గడ్డపారలు ఏసుకున్నరు."

"ఎంతసేపైంది?"

"శానసేపే అయింది సారూ. నేను నడిచి వస్తి గద." నీలి లేచి నిలబడింది. ఏదో తప్పు జరిగిందని ఆమెకు అప్పుడే అనుమానం వచ్చినట్టుంది. ఒకరి తర్వాత ఒకరి ముఖం చూసింది. అయినా నవ్వును మాత్రం వదలలేదు. "మస్తు ఖుషీగ పోయిండు. లారీ మీదికెల్లి చెయ్యి ఊపిండు."